ఐసుగడ్డ కథ: బోస్టన్ చెరువు నుంచి మన సంఘం మిషను దాకా

 

ఈసారి మేము ఐసు గురించి రాస్తున్నాం. "రైళ్ళ గురించి, గనుల గురించి రాసే మనిషికి ఐసుతో ఏం పని స్వామీ?" అని నవ్వకండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో మన మండపంలోని ఐసు మిషను ఖర్చు చర్చకు వస్తోంది. దాత ఇచ్చిన మిషనే కదా, ఊరికే వచ్చినదానికి ఏటా ఫిల్టరనీ క్లీనింగనీ డబ్బు ఎందుకు పోయాలి అనేవాళ్ళు కొందరు. అసలు దాన్నే అమ్మేసి, పెళ్ళిళ్ళకు బయటినుంచి ఐసు దిమ్మలు తెప్పించుకుందాం అనేవాళ్ళు ఇంకొందరు. రెండు పక్షాలవాళ్ళూ మనవాళ్ళే, సంఘం మంచి కోరేవాళ్ళే. చెయ్యెత్తే ముందు ఈ ఐసు మన చేతికి ఎట్లా వచ్చిందో, మంచి ఐసు అంటే ఏమిటో కాస్త తెలుసుకుంటే మేలని ఈ రాత.

మేము కేజీఎఫ్‌లో తమిళ బడిలో చదువుకున్నవాళ్ళం. బడిలో దీన్ని "పనిక్కట్టి" అన్నారు. ఇంట్లో మా అవ్వ "మంచుగడ్డ" అనేది. పక్కింటి కన్నడంవాళ్ళు "మంజుగడ్డె" అనేవాళ్ళు. వీధిలో పుల్ల ఐసు బండి గంట కొడితే మాత్రం మూడు భాషల పిల్లలమూ "ఐసు, ఐసు" అనే పరిగెత్తేవాళ్ళం. ఒకరిని పొగిడి పని చేయించుకోవడాన్ని ఇప్పటికీ మనం ఐసు పెట్టడం అంటాం. చల్లదనానికి మన సీమలో అంత విలువ.

మన దేశంలో ఐసు వాడకం కొత్తది కాదు. అక్బరు కాలం సంగతులు రాసిన అయినే అక్బరీలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి, సురేకారం కలిపిన నీళ్ళలో మూతి బిగించిన సీసాను తిప్పి లోపలి నీళ్ళను చల్లబరచడం. రెండోది, 1586 నుంచి పాదుషా పంజాబులో ఉన్న రోజుల్లో ఉత్తరాది కొండలనుంచి మంచు, ఐసు లాహోరుకు తెప్పించుకోవడం. అది రాజుల సంగతి, మామూలు మనిషికి మట్టికుండే గతి.

తరువాత 1775లో సర్ రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు సైన్యాధికారి, అలహాబాదు ప్రాంతంలో ఐసు చేసే తీరును లండను రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. మైదానంలో వెడల్పుగా, లోతు తక్కువగా గుంట తవ్వి, అడుగున ఎండిన చెరకు దంట్లు, జొన్న దంట్లు మందంగా పరిచేవాళ్ళు. దానిమీద మెరుగు లేని మట్టి మూకుళ్ళు వరసగా పెట్టి, సాయంత్రం నీళ్ళు పోసేవాళ్ళు. చలికాలం, ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి నిలిచి ఉంటే తెల్లారేసరికి మూకుళ్ళలో ఐసు పొర కట్టేది. సూర్యుడు పైకి రాకముందే దాన్ని ఏరి గోతిలో దిమ్మిసకొట్టి దాచేవాళ్ళు.

ఇందులో మనం పట్టుకోవలసిన మాట ఒకటుంది. ఆ మూకుళ్ళలో పోసేది ఏ నీళ్ళంటే ఆ నీళ్ళు కాదు. మెత్తని నీళ్ళు, అదీ కాచి చల్లార్చినవి అని బార్కర్ రాశాడు. అంటే ఇరవైనాలుగు గంటలు నడిచే మిషను లేని కాలంలో, ఆ పనివాళ్ళకు అసలు రహస్యం తెలుసు: నీళ్ళెట్లాంటివో ఐసూ అట్లాంటిదే. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతా కథంతా దానికి వివరణే.

ఇక ఓడ కథ. అమెరికాలో బోస్టను ఊళ్ళో ఫ్రెడరిక్ టూడర్ అనే వ్యాపారి ఉండేవాడు. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకడతాయి. ఆ గడ్డను రంపాలతో కోసి, రంపపు పొట్టులో కప్పి, ఓడలకెక్కించి వేడి దేశాలకు అమ్మడం ఆయన వ్యాపారం. మొదట్లో అందరూ పిచ్చివాడన్నారు. 1833 మే నెలలో "టస్కనీ" అనే ఓడ సుమారు 180 టన్నుల ఐసుతో బోస్టనులో బయలుదేరింది. నాలుగు నెలలు సముద్రంమీద నడిచి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, సెప్టెంబరులో కలకత్తా చేరింది. అప్పటికి ఇంకా దాదాపు 100 టన్నులు మిగిలే ఉంది! ఫ్రిజ్జు లేదు, కరెంటు లేదు, పొట్టే కాపాడింది. మన చిన్నప్పుడు ఐసు దిమ్మను వరి ఊకలోనో పొట్టులోనో దాచి గోనెపట్టా కప్పేవాళ్ళు కదా, అదే ఉపాయం.

మద్రాసులో సముద్రం ఒడ్డున 1842 ప్రాంతంలో టూడర్ కంపెనీ ఐసు దాచే గుండ్రటి కట్టడం కట్టింది. తిరువల్లిక్కేణి పక్కన ఇప్పటికీ ఐస్ హౌస్ అని పిలిచేది దాన్నే. ఐసు వ్యాపారం పోయాక ఆ ఇల్లు బిళిగిరి అయ్యంగారి చేతికి వచ్చింది. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి అమెరికా, యూరపు తిరిగి వచ్చినప్పుడు తొమ్మిది రోజులు అక్కడే దిగారు. తరువాత కొంతకాలం సిస్టర్ సుబ్బలక్ష్మి నడిపిన బాలవితంతువుల ఆశ్రమం అందులోనే ఉండింది. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. మన సభ్యుల్లో మద్రాసుకు ఆసుపత్రి పనిమీద పోయేవాళ్ళు చాలామంది. సముద్రం చూడబోయినప్పుడు ఆ కట్టడం ముందు ఒక నిమిషం నిలబడి చూడండి. దాని గోడల వెనక ఒకప్పుడు అమెరికా చెరువు ముక్కలుండేవి.

ఆ చెరువు ఐసు అద్దంలాగా ఉండేదని పేరు. ఎందుకు? ఇక్కడ చిన్న విజ్ఞానం చెప్పుకోవాలి. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు తమలో కరిగి ఉన్న ఉప్పును, సున్నాన్ని, గాలిని లోపల ఇముడ్చుకోవు, ఇంకా గడ్డకట్టని నీళ్ళలోకి తోసేస్తాయి. చెరువు పైనుంచి కిందికి ఒకే దిక్కున గడ్డకడుతుంది. తోసేసిన మలినం కింద ఉన్న చెరువు నీళ్ళలోకి పోతుంది. పైన మిగిలేది శుభ్రమైన గాజుగడ్డ. అదే నీళ్ళను ఒక డబ్బాలో పోసి నాలుగు వైపులా చల్లబరిస్తే, గడ్డ అంచులనుంచి నడుముకు కడుతూ వస్తుంది. మలినమూ గాలీ పోవడానికి దారి లేక నడిమధ్యకు చేరి చిక్కుకుంటాయి. అందుకే ఐసు దిమ్మ నడుమ తెల్లగా, పాలు గడ్డకట్టినట్టు ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్జు ట్రేలో ముక్కను వెలుగుకు పట్టి చూడండి, మేము చెప్పేది కనబడుతుంది.

టూడర్ వ్యాపారాన్ని దెబ్బకొట్టింది మిషను. అమెరికాలో ఫ్లోరిడా డాక్టరు జాన్ గోరీ జ్వరం రోగులను చల్లబరచడానికి ఐసు మిషను కట్టి 1851లో పేటెంటు తీసుకున్నాడు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్, ఫ్రాన్సులో ఫెర్డినాండ్ కారే, జర్మనీలో కార్ల్ లిండే ఒకరి తరువాత ఒకరు దాన్ని మెరుగుపరిచారు. మద్రాసులో ఇంటర్నేషనల్ ఐస్ కంపెనీ 1874లో, కలకత్తాలో బెంగాల్ ఐస్ కంపెనీ 1878లో వచ్చాయి. ఇక్కడే ఐసు తయారవుతుంటే ఏడు సముద్రాలు దాటి రావలసిన పనేముంది? కొన్నేళ్ళకే ఓడల వ్యాపారం మూతబడింది.

మనవైపు ఊళ్ళలో పాత ఐసు ఫ్యాక్టరీలు ఆ పద్ధతివే. ఒక పెద్ద తొట్టి, దాన్నిండా ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళు సున్నా డిగ్రీకి గడ్డకట్టవు కాబట్టి అమ్మోనియా కంప్రెసరుతో వాటిని సున్నాకు పది డిగ్రీల కిందికి దింపుతారు. అందులో మంచినీళ్ళు నింపిన రేకు క్యాన్లను ముంచుతారు. పెద్ద దిమ్మకు ఒక రోజు పైనే, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. దిమ్మ మందం రెట్టింపయితే సమయం సుమారు నాలుగు రెట్లవుతుంది.

మంచి ఫ్యాక్టరీకి గుర్తు రెండు పనులు. క్యాను నడుమ సన్నని గొట్టం దించి గడ్డకట్టినంతసేపూ గాలి ఊదుతూ నీళ్ళను కదిలిస్తారు, మలినం గడ్డకు అంటుకోకుండా. చివర్లో నడుమ మిగిలిన కొద్దిపాటి మురికి నీళ్ళను పీల్చేసి, మంచినీళ్ళు పోసి ముగిస్తారు. ఈ రెండూ చేస్తే దిమ్మ నడుమ కూడా నిగనిగలాడుతుంది. చేయకపోతే తెల్లటి కడ్డీ కనిపిస్తుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. క్యాను తుప్పుపట్టి చిల్లి పడితే తొట్టిలోని ఉప్పునీళ్ళు దిమ్మలోకి దిగుతాయి. ఐసు ఉప్పగా ఉందంటే కారణం అదే.

మన కేజీఎఫ్‌కు చల్లదనంతో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చాక గనులు లోతుకు దిగాయి. 1894లో బౌరింగ్‌పేటనుంచి, అంటే ఇప్పటి బంగారపేటనుంచి గనులకు రైలు వేశారు. 1902లో కావేరి శివసముద్రంనుంచి 92 మైళ్ళ లైను మీద కరెంటు తెచ్చారు. ఆ కాలానికి ప్రపంచంలోనే పొడుగైన లైన్లలో అదొకటి. బెంగళూరు వీధులకంటే ముందు మన గనులకు కరెంటు వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని చివరకు మూడు కిలోమీటర్లు దాటి కిందికి పోయింది. అంత లోతులో బండ వేడి 60 డిగ్రీలకు పైమాట. చెయ్యి పెడితే కాలే బండ పక్కన మనిషి పని చేయాలి. అందుకని 1930లలోనే ఇక్కడ గాలిని మిషన్లతో చల్లబరచి గనిలోకి పంపే ఏర్పాటు చేశారు. బ్రెజిల్‌లో మోరో వెల్యో గని, దక్షిణాఫ్రికా గనులు, మన కోలారు గనులు, ప్రపంచంలో ఈ పని మొదట చేసినవాటిలో ఉన్నాయి. మన తాతలు, తండ్రులు ఊపిరి పీల్చింది ఆ గాలే.

దక్షిణాఫ్రికావాళ్ళు 1980లలో ఇంకో అడుగు వేశారు. పైన ఐసు తయారుచేసి పైపుల్లో గని అడుగుకు పంపారు. చల్లనీళ్ళు చాలవా, ఐసే ఎందుకు? కిలో ఐసు సున్నా డిగ్రీలో కరగడానికి మింగే వేడి ఎంతంటే, అంతే వేడితో కిలో నీళ్ళను సున్నానుంచి 80 డిగ్రీలకు కాచవచ్చు. పెళ్ళిలో నాలుగు గడ్డలు గంగాళం పానకాన్ని చల్లార్చేదీ, గని అడుగున మనిషిని కాపాడేదీ ఒకటే గుణం.

గనులకు కరెంటు ఎంత ముఖ్యమో నీళ్ళూ అంతే. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. 20వ శతాబ్దం మొదట్లో పాలారు మీద బేతమంగల చెరువునుంచి నీళ్ళు వడగట్టి పైపుల్లో కేజీఎఫ్‌కు తెచ్చారు. వడగట్టిన నీళ్ళు లేకుండా అన్ని వేలమంది ఒకచోట బతకలేరని కంపెనీవాళ్ళకు తెలుసు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. కానీ నీళ్ళ పాఠం మూతబడలేదు, దానికి మళ్ళీ వస్తాం.

రైల్వేలో పనిచేసినవాళ్ళం కాబట్టి ఐసుకు రెండు జన్మలుంటాయని మాకు తెలుసు. ఒకటి గొప్ప జన్మ. బొంబాయి, పెషావరు మధ్య నడిచిన ఫ్రాంటియర్ మెయిల్‌కు 1934లో ఏసీ పెట్టె తగిలించారు. అప్పటి ఏసీ అంటే పెట్టె నేల కింద ఐసు దిమ్మలు పేర్చి, వాటిమీదుగా గాలిని ఫ్యానుతో లోపలికి పంపడం. దారిలో స్టేషన్లలో కరిగిన దిమ్మలు తీసి కొత్తవి నింపేవాళ్ళు. రెండోది పార్సిలు జన్మ. మేము పార్సిలు ఆఫీసులో కూర్చున్న రోజుల్లో చేపల పెట్టెలు వచ్చేవి. ఐసు కరిగి, చేప నెత్తురూ ఉప్పూ కలిసిన నీళ్ళు కారి, ప్లాట్‌ఫారం జారేది, బ్రేకువ్యాను నేల తుప్పుపట్టేది. ఆ ఐసు ఎక్కడి నీళ్ళతో చేశారని ఎవరూ అడగరు. అడగనక్కర్లేదు కూడా, చేపను చల్లగా ఉంచడానికే కదా చేసింది.

చిక్కంతా ఆ రెండో ఐసు మొదటి ఐసు వేషం వేసుకుని మన గ్లాసులోకి వచ్చినప్పుడు. కొన్నేళ్ళ కిందట మా చుట్టాల పెళ్ళి ఒకటి, ఊరూ పేరూ ఎత్తం. జ్యూసులో వేయడానికి ఐసు అయిపోతే ఎవరో ఆటోలో దిమ్మలు తెచ్చారు. గోనెపట్టా విప్పితే చేపల వాసన. నీళ్ళతో కడిగి, సుత్తితో కొట్టి గంగాళంలో వేశారు. వారం రోజులకు ఆ పెళ్ళికి పోయిన పిల్లల్లో నలుగురు వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. ఐసే కారణమని ఎవరూ పరీక్ష చేయించలేదు కాబట్టి మేమూ తేల్చి చెప్పం. కానీ ఆ గంగాళాన్ని మేము మరిచిపోలేదు.

చలికి క్రిములు చస్తాయన్నది చాలామంది నమ్మకం. అది నిజం కాదు. గడ్డకట్టినప్పుడు కొన్ని చస్తాయి, చాలా వాటికి నిద్ర పట్టినట్టే. కరగ్గానే లేస్తాయి. టైఫాయిడ్ క్రిమి, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ వైరసు ఐసులో బతికే ఉంటాయి. ఈ గొడవ దేశమంతా ఉన్నదే. అందుకే 2018లో ఆహార భద్రతా సంస్థ ఒక ఆదేశం ఇచ్చింది: తినడానికి కాని ఐసులో నీలం రంగు కలపాలి, తినే ఐసు రంగు లేకుండా ఉండాలి అని. జూన్ 1నుంచి అమలు. కాబట్టి నీలం ఐసు కనబడితే గ్లాసులో వేయకండి. అయితే తెల్లగా ఉన్నదంతా తినే ఐసే అనీ అనుకోకండి. రంగు కలపనివాడు దొరికేదాకా దొరే.

ఇక మన మండపం మిషను. అది దిమ్మల మిషను కాదు, ముక్కల మిషను. చల్లటి పలక మీద పైనుంచి నీళ్ళు సన్నగా జారుతూనే ఉంటాయి. పొరమీద పొరగా గడ్డకడుతుంది. మలినాన్ని పారే నీళ్ళు కడిగి కింది తొట్టెకు తీసుకుపోతాయి. ముక్క తయారయ్యాక పలకకు ఒక నిమిషం వేడి తగిలించి ముక్కలను రాల్చి, తొట్టెలో మిగిలిన చిక్కటి నీళ్ళను బయటికి వదిలేస్తుంది. బోస్టను చెరువు చేసిన పనే ఇది చేస్తుంది, చెరువు బదులు తొట్టె. "ఈ మిషను నీళ్ళు వృథా చేస్తోంది" అని మనవాళ్ళు ఫిర్యాదు చేసేది ఆ వదిలే నీళ్ళ గురించే. అవి వృథా కాదు, ఐసు కడిగిన నీళ్ళు. ఆ గొట్టం మూసేస్తే ఉప్పంతా మళ్ళీ మన ముక్కల్లోకే వస్తుంది. కావాలంటే బక్కెటలో పట్టి నేల కడగండి.

మన రాయల్పాడు వైపు బోరు నీళ్ళ సంగతి మీకు చెప్పాలా? వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు దొరకని చోట్లున్నాయి. దొరికిన నీళ్ళలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నె అడుగున తెల్ల పొర కడుతుంది. మన జిల్లాలో చాలా ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడు కూడా ఎక్కువ. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. మొత్తం కరిగిన లవణాలు 500 లోపు, గట్టిదనం 200 లోపు ఉంటే మేలు. మన బోరు నీళ్ళను పరీక్షకు పంపి ఆ కాగితాన్ని నోటీసు బోర్డులో అంటించడం మనం చేయవలసిన మొదటి పని.

గిన్నెకు పట్టే తెల్ల పొరే మిషను లోపలి పలకకూ పడుతుంది. ఆ పొర పట్టిందంటే పలక చలి నీళ్ళకు సరిగా తగలదు, ముక్కలు సన్నగా, తెల్లగా, నడుమ బోలుగా వస్తాయి. రాలవలసినప్పుడు రాలవు. మిషను ఎక్కువసేపు నడుస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి కంప్రెసరు పోతుంది. ఇది ఒక శత్రువు. రెండో శత్రువు పాచి. చీకటి, తడి ఉన్నచోట గులాబీ రంగులోనో నల్లగానో జిగట పేరుకుంటుంది. పక్కన బేకరీ ఉంటే ఇంకా తొందరగా పడుతుంది, పిండి పులిపించే ఈస్టు గాలిలో తేలి వస్తుంది కాబట్టి. మూడోది దుమ్ము. వెనకవైపు జాలీ దుమ్ముతో మూసుకుపోతే వేడి బయటికి పోదు.

"కాటలాగులో రోజుకు ఇన్ని కిలోలని రాశారు, ఎండాకాలం అన్ని రావడంలేదు, మోసం" అని ఒక సభ్యుడు అన్నారు. మోసం కాదండి. ఎక్కువ కాటలాగుల్లో పెద్ద అక్షరాలతో రాసే లెక్క 21 డిగ్రీల గాలికి, 10 డిగ్రీల నీళ్ళకు. మన ఏప్రిల్‌లో గాలి 38, మిద్దెమీద ట్యాంకు నీళ్ళు స్నానానికి కాచినంత వేడి. ఎక్కడినుంచి వస్తాయి అన్ని కిలోలు? ట్యాంకుకు నీడ వేయడం, మిషను వెనక గాలి ఆడేలా జానెడు చోటు వదలడం, రెండూ ఖర్చు లేని మందులు.

ఫిల్టరు గురించి కూడా నిజం చెప్పుకుందాం. మట్టి ఆపేది వేరు, క్లోరిను వాసన తీసే బొగ్గు ఫిల్టరు వేరు. బొగ్గు ఫిల్టరు ఫ్లోరైడును తీయదు, దానికి ఆర్‌ఓ కావాలి. ఆర్‌ఓ పెడితే అన్నీ తీరిపోతాయనీ కాదు. కొన్ని మిషన్లలో నీళ్ళ మట్టం తెలుసుకునే కడ్డీలు, నీళ్ళలోని లవణం ద్వారా కరెంటు పారితేనే పనిచేస్తాయి. నీళ్ళు మరీ తేలికైతే తొట్టె నిండినా మిషనుకు తెలియదు. కాబట్టి ఆర్‌ఓ పెట్టే ముందు మన మోడలు పుస్తకం చూసి, మెకానిక్కును అడిగి పెట్టాలి. ఇంకోటి, క్లోరిను తీసేసిన నీళ్ళకు కాపలా ఉండదు. పాచి తొందరగా పడుతుంది. ఫిల్టరు పెట్టామని క్లీనింగు మానేయడం కుక్కను తోలేసి తలుపు తెరిచి పడుకోవడమే.

మేము కోరేది పెద్ద పద్దు కాదు. రైల్వేలో ప్రతి ఇంజనుకూ పెట్టెకూ షెడ్యూలు ఉండేది: ఇన్నాళ్ళకు చూపు, ఇన్నాళ్ళకు కడుగు, ఎవరు చేశారో సంతకం. మిషనుకూ అట్లాంటి ఒక పుస్తకం పెడదాం.

ప్రతి రోజూ: ఐసు తీసే గరిటె ఐసులో వదలకూడదు, బయట శుభ్రమైన డబ్బాలో పెట్టాలి. గ్లాసుతో తోడకూడదు, పగిలితే గాజుముక్కకూ ఐసుముక్కకూ తేడా తెలియదు. పెట్టెలో సోడా సీసాలు, పాలప్యాకెట్లు చల్లార్చడానికి పెట్టకూడదు. చేతులు కడగకుండా మూత తీయకూడదు.

ప్రతి నెలా: కరెంటు ఆపి వెనక జాలీని మెత్తని బ్రష్షుతో దులపాలి. ఒక ముక్కను వెలుగులో చూసి, కరిగించి వాసన చూసి పుస్తకంలో రాయాలి. తెల్లబడుతోందంటే మిషను మనతో మాట్లాడుతోందన్నమాట.

మూడు నెలలకోసారి: మామూలుగా ఆరు నెలలకోసారి చాలంటారు, మన గట్టి నీళ్ళకు మూడు నెలలు మేలు. పెట్టెలోని ఐసంతా పారబోయాలి. మొదట పుస్తకంలో చెప్పిన ఆమ్లం మందుతో సున్నపు పొర తీయాలి. పలకకు నికెలు పూత ఉంటే దానికి తగిన మందే వాడాలి, లేకపోతే పూత లేచి ఐసులోకి వస్తుంది. బాగా కడిగాక, వేరేగా క్రిములు చంపే మందు నడపాలి. పుస్తకం కడగమంటే మళ్ళీ కడగాలి. తరువాత వచ్చిన మొదటి రెండు వాయిల ఐసు పారబోయాలి. గట్టిగా చెప్తున్నాం: ఆమ్లాన్నీ బ్లీచింగునూ ఎప్పుడూ కలపకండి. క్లోరిను విషవాయువు లేస్తుంది, మూసిన గదిలో మనిషి ప్రాణమే పోవచ్చు. ఈ పని తెలిసినవాళ్ళే చేయాలి, కిటికీలు తెరిచి చేయాలి.

ఆరు నెలలకోసారి: ఫిల్టరు మార్చాలి, పైన తేదీ రాయాలి. నీళ్ళు పరీక్షకు పంపాలి.

దిమ్మలు కొనుక్కుందాం అనేవాళ్ళకు ఒక్క మాట. కొనడం తప్పు కాదు. కానీ కొన్న దిమ్మ ఏ నీళ్ళతో చేశారో, ఏ బండిలో వచ్చిందో మనకు తెలియదు. అమ్మేవాడి దగ్గర ఆహార లైసెన్సు ఉందా, నీళ్ళ పరీక్ష కాగితం ఉందా అని అడిగి, చూసి, ఫొటో తీసుకుని కొందామంటే మాకు అభ్యంతరం లేదు. అది కూడా పనే, ఎవరో ఒకరు చేయాలి. మిషను ఉంచితే కడిగే పని, అమ్మితే అడిగే పని. ఏ పనీ లేకుండా మంచి ఐసు మాత్రం రాదు. అలహాబాదులో నీళ్ళు కాచి మూకుళ్ళలో పోసిన పేరు తెలియని పనివాడికి 1775లోనే తెలిసిన సంగతి ఇది.

మన మండపంలో ఏటా జరిగే పెళ్ళిళ్ళలో ఆ ఐసు తినేది పసిపిల్లలు, కడుపుతో ఉన్న ఆడపిల్లలు, మావంటి ముసలివాళ్ళు. ఎండాకాలం మామిడి లోడింగు కూలీలకు మనం పెట్టే చలివేంద్రంలో మజ్జిగలో పడేదీ అదే. వాళ్ళలో ఎవరూ "ఈ ఐసు ఎక్కడిది?" అని అడగరు. సంఘం పేరు చూసి నమ్మి తాగుతారు. ఆ నమ్మకానికి ఏటా అయ్యే ఖర్చు ఒక పెళ్ళి పూల అలంకారం కంటే తక్కువ. కోశాధికారిగారి దగ్గర లెక్క ఉంది, సమావేశంలో చూపిస్తారు.

మా ప్రతిపాదన మూడు ముక్కల్లో: నీళ్ళ పరీక్ష చేయించి కాగితం అంటించాలి. మిషను పుస్తకం ఒకటి పెట్టి, వంతుల ప్రకారం ఇద్దరిద్దరు సభ్యులు సంతకం చేయాలి. ఏటా ఫిల్టరు, క్లీనింగు ఖర్చును బడ్జెట్టులో వేరే పద్దుగా రాయాలి. మొదటి మూడు నెలల వంతు మేమే తీసుకుంటాం. మాతో చేరే ఇంకొకరు కావాలి. పేరు కింద రాయండి.